తుప్పు పరీక్షలో కొత్త జాతి

మొదటిసారి పంపినప్పుడు ఆ ప్రాజెక్టు పేరు "నెలసరి ఆగిన స్త్రీలలో ఆక్సీకరణ ఒత్తిడి" అని మాత్రమే ఉండేది. పైవాళ్లు తిప్పి పంపారు. రెండోసారి డాక్టర్ హేమనళిని పేరు ముట్టుకోకుండా లోపల బోలెడన్ని పేజీలు చేర్చి పంపింది. మళ్లీ తిప్పి పంపారు, ఈసారి ఇంకాస్త తొందరగా. మూడోసారి ఆమె లోపలి పేజీలు సగానికి సగం పీకేసి, పేరు చివర "జాతుల వారీ వ్యత్యాసాలు" అని తగిలించింది. వారం తిరక్కుండా మంజూరైపోయింది, అభినందనలతో సహా.

"జాతుల వారీగా తేడా ఉంటుందని మీకెలా తట్టింది మేడమ్?" అని ల్యాబు టెక్నీషియన్ అప్పలకొండ భక్తిగా అడిగాడు.

"విసుగెత్తాక తడుతుందిలే" అంది హేమనళిని.

విశాఖపట్నంలో, బీచిరోడ్డుకి కాస్త ఎగువన ఉన్న ఒక మహిళా ఆరోగ్య పరిశోధన సంస్థలో ఆమె జీవరసాయన విభాగానికి అధిపతి. ఆక్సీకరణ ఒత్తిడి అంటే ఏమిటని ఎవరైనా అడిగితే కిటికీలోంచి గేటు చూపించేది. సముద్రపు గాలికి ఇనుప గేటు తుప్పు పట్టినట్టే మనిషి ఒంట్లో కణాలకు కూడా ఒక రకం తుప్పు పడుతుంది, నెలసరి ఆగే వయసులో దాన్ని అడ్డుకునే శక్తి తగ్గుతుందేమోనని అనుమానం, ఎవరికెంత పట్టిందో రక్తంలో కొలవొచ్చు అని చెప్పేది. అది విని ఊళ్లో ఆడవాళ్లు మొత్తం వ్యవహారానికి తుప్పు పరీక్ష అని పేరు పెట్టేశారు.

హేమనళినికి యాభై దాటాయి. "సిగ్గుపడకండి, ఇంట్లో చెప్పండి" అనే కరపత్రం రాసింది ఆమే. జిల్లా అంతా తిరిగి, మైకు పట్టుకుని, నెలసరి ఆగడం జబ్బు కాదనీ, ఒంట్లోంచి వేడి ఆవిర్లు లేస్తే దాచుకోవద్దనీ వేలమందికి చెప్పింది. ఆ కరపత్రం ఆమె ఇంట్లో మాత్రం లేదు. ఆవిర్లు తనకు మొదలైనప్పుడు ఆమె భర్త జగన్నాథరావుతో చెప్పిన మాట, "ఈ ఫ్యాను సరిగ్గా తిరగడం లేదండీ" అని. పోర్టులో ఇంజనీరుగా చేసే ఆయన మంచి మనిషి. ముందు కెపాసిటర్ మార్చాడు. తర్వాత రెగ్యులేటర్ మార్చాడు. చివరికి ఫ్యానే మార్చాడు. కొత్త ఫ్యాను కింద చెమటలు కక్కుతూ, "ఇప్పుడు హాయిగా ఉంది" అని ఆమె మెచ్చుకుంది కూడా.

ప్రాజెక్టు మంజూరయ్యాక డైరెక్టర్ పరాంకుశంగారు జాతి నిర్ధారణ కమిటీ వేశారు. అందులో నలుగురు మగవాళ్లు, ఒక ఖాళీ కుర్చీ. ఆ కుర్చీ మహిళా సభ్యురాలిది, ఆ నియామకం ఇంకా కాలేదు. తెలుగు, ఒరియా, బెంగాలీ, మార్వాడీ అని నాలుగు జాతుల్ని ఎంపిక చేశారు. ఎందుకు నాలుగే అంటే, కొత్తగా వచ్చిన యంత్రంలో నాలుగు రంగులే ఉన్నాయి.

పరిపాలనాధికారి సన్యాసిరాజుగారు గొంతు సవరించుకుని నియమావళి చదివారు. "సదరు స్త్రీ సదరు జాతికి చెందినట్టు తాతముత్తాతల పర్యంతం ధ్రువీకరణ సమర్పించవలెను. అదే విధముగా, సదరు స్త్రీకి నెలసరి ఆగినట్టు గెజిటెడ్ అధికారి సంతకం చేయవలెను."

"గెజిటెడ్ అధికారికి ఎలా తెలుస్తుందండీ?" అంది హేమనళిని.

"అది సదరు అధికారి విచక్షణకు వదిలివేయడమైనది."

ఆమె ఇక వాదించకుండా కాగితాలు సర్దుకుంది. జాతి అన్న మాట తగిలించింది తనేనని గుర్తొచ్చింది.

ఆ నియమావళితో మొదట ఢీకొన్నది పోలమ్మ. జాలారిపేట నుంచి వచ్చింది, చేపలమ్ముతుంది, గొంతు అలల మీద కూడా వినిపిస్తుంది. ఏ జాతి అని సన్యాసిరాజుగారు అడిగారు.

"ఏ జాతేటి బాబూ? మా అమ్మమ్మది గంజాం పక్క. మా తాత భీమిలి. మా నాయన పుట్టిందేమో పూరీలో, మా తాతోళ్లు సేపల ఏటకెల్లినప్పుడు. ఏది రాస్తే నీకు సులువో అది రాసీ."

సన్యాసిరాజుగారు చాలాసేపు ఆలోచించి ఆమెను తెలుగులో వేశారు. పక్కనే కురుపాం మార్కెట్లో స్టీలు సామాన్ల కొట్టు నడిపే పుష్పాదేవి కూర్చుంది. "నేను పుట్టింది ఇక్కడే, కేజీహెచ్ ఆసుపత్రిలోనండీ. మా ఇంట్లో అరిస్తే తెలుగులోనే అరుస్తాం. రాజస్థాన్ ఎప్పుడో ఓసారి చూసొచ్చాను, అంతే. నన్ను తెలుగులో రాయకూడదేటి?" అంది. కుదరదన్నారు. మార్వాడీ రంగుకు మనుషులు తక్కువపడ్డారు.

రక్తం తీసే రోజున ఆడవాళ్లందరినీ పరగడుపున రమ్మని, వరండాలో బల్లల మీద కూర్చోబెట్టారు. విద్యుత్ పొదుపు ఉత్తర్వు ప్రకారం వరండాలో ఫ్యాన్లు వేయకూడదు. ఏసీ రక్తం సీసాలున్న గదికి మాత్రమే. ఎండ ఎక్కేకొద్దీ ఒకరి తర్వాత ఒకరికి ఆవిర్లు లేచాయి. ఏ జాతి ఆడదైనా కొంగుతో విసురుకునే తీరు ఒకేలా ఉండడం హేమనళిని గమనించింది. అది ఏ గడిలోనూ రాసుకోలేదు.

"మా ఒంట్లోంచి తీసిన రగతానికి ఏసీ అంట, మాకేమో ఉక్కపోత" అంది పోలమ్మ. "నన్ను కూడా ఆ సీసాలోనే పెట్టీ డాట్రమ్మా."

అందరూ నవ్వారు. హేమనళిని కూడా నవ్వింది, గబగబా బాత్రూములోకి పోయి మొహం మీద నీళ్లు కొట్టుకుంది.

తర్వాతి వారం, రెండో విడత రక్తం తీసిన రోజున, ఆరోగ్యశాఖ కార్యదర్శిగారు యంత్రాన్ని చూడడానికి వచ్చారు. ఆయన వచ్చేసరికి మధ్యాహ్నం దాటిపోయింది, వరండాలో ఆడవాళ్లు ఎవరి ఇళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. సీసాలన్నీ అంతకుముందే యంత్రంలోకి పోయాయి. "యంత్రం పనిచేస్తూ కనబడాలి. తాజా నమూనా తక్షణం సమకూర్చవలెను" అని పరాంకుశంగారు చెవిలో ఆజ్ఞాపించారు. హేమనళిని అటూ ఇటూ చూసి, పక్క గదిలోకి వెళ్లి అప్పలకొండకు చెయ్యి చాపింది. "ఎవరికీ చెప్పకు" అంది. అతను చెప్పలేదు.

సీసా పెట్టగానే యంత్రం జాతి అడిగింది. తెలుగు అని నొక్కింది. కోటా నిండిందంది యంత్రం. ఖాళీగా వదిలేద్దామని చూసింది, ఒప్పుకోలేదు. వెనక కార్యదర్శిగారు వాచీ చూసుకుంటున్నారు. అడుగున మరో గడి కనబడింది, "ఇతరులు" అని. నొక్కేసింది. యంత్రం బుర్రుమని తిరిగింది. కార్యదర్శిగారు సంతోషించి, ఇలాంటి యంత్రాలే దేశానికి కావాలన్నారు, జీడిపప్పు తిని వెళ్లిపోయారు.

నెల తర్వాత ఫలితాలు వచ్చాయి. తెర మీద నాలుగు రంగుల గీతలు, నాలుగూ సరిగ్గా ఒకే ఎత్తులో. గంజాం వైపు నుంచి వచ్చినా మార్వాడు నుంచి వచ్చినా తుప్పు ఒకటే. వాటి పక్కన ఐదో గీత, రంగు లేకుండా బూడిదగా, గడి పైకప్పు దాటి పోయింది. కింద "ఇతరులు" అని ఉంది.

హేమనళిని చెంపలు వేడెక్కాయి. ఆమెకు ముందు కలిగింది భయం కాదు, ఒక రకం గర్వం. ఇంత ఎత్తు గీత తనదా! తర్వాత నవ్వొచ్చింది. ఇన్నేళ్లు మైకు పట్టుకుని ఊరందరికీ ధైర్యం చెప్పిన మనిషి, దాచిపెట్టుకోవడంలో జిల్లాకే మొదటి స్థానం తెచ్చుకుంది.

ఫలితం తీసుకుని డైరెక్టర్ గదికి వెళ్లింది. "తేడా ఏమీ లేదండీ. నాలుగు జాతులూ ఒకటే. అదే మన ఫలితం, మంచి ఫలితం."

పరాంకుశంగారి మొహం మాడిపోయింది. "మంజూరు ఉత్తర్వులో వ్యత్యాసాలు అని స్పష్టంగా పేర్కొనడమైనది డాక్టరుగారూ. వ్యత్యాసం లేదని నివేదించడం ఉత్తర్వును ధిక్కరించడమే అవుతుంది." అప్పుడే ఆయన చూపు ఐదో గీత మీద పడింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. "ఇదేమిటి? ఎవరీ ఇతరులు?"

"అది ఒకే ఒక్క మనిషిదండీ. లెక్కలోంచి తీసెయ్యాలి."

"ఒక్కరే ఉన్నారా!" ఆయన కుర్చీలోంచి లేచారు. "అయితే అత్యంత అరుదైన జాతి అన్నమాట!"

ఆ క్షణంలో చెప్పేస్తే అయిపోయేది. "అది నేనేనండీ, నాకు నెలసరి ఆగిపోయింది" అంటే చాలు. రోజూ టీ తాగుతూ జీతాల సవరణ గురించి మాట్లాడుకునే మనిషితో ఆ ముక్క అనడానికి నోరు పెగల్లేదు. "మళ్లీ వస్తానండీ" అని బయటికొచ్చేసింది. మెట్ల దగ్గర గోడకు ఆమె కరపత్రం అంటించి ఉంది. అటు చూడకుండా దిగింది.

మర్నాడే పత్రికలకు ప్రకటన వెళ్లింది. ఇప్పటిదాకా శాస్త్ర ప్రపంచానికి తెలియని ఒక జాతి స్త్రీలలో తీవ్రమైన ఆక్సీకరణ ఒత్తిడిని సంస్థ కనుగొన్నదని. "ఇతర జాతి అన్వేషణ బృందం" ఒకటి ఏర్పడింది. వాళ్లు మంచి చల్లగా ఉండే కొండ ఊళ్లు రెండు తిరిగి, దొరకలేదని చెప్పి, అండమాన్ దాకా ఓడలో వెళ్లడానికి అనుమతి కోరారు. సన్యాసిరాజుగారు ఇతర మహిళా సంక్షేమ మండలికి ముసాయిదా రాశారు, ఆ మండలికి భవనం, భవనానికి శంకుస్థాపన, శంకుస్థాపనకు ముహూర్తం కూడా పెట్టారు. "ఇతరుల సంప్రదాయ వేషధారణ ఎట్లుండును?" అని ఒకరోజు ఆమెనే అడిగారు, బొమ్మ గీయించాలట.

"మామూలు నేత చీరే ఉంటుందనుకుంటానండీ" అంది హేమనళిని, తన పమిట సర్దుకుంటూ. ఆయన రాసుకున్నారు.

ఇంతవరకు ఆమెకు లోపల్లోపల సరదాగానే ఉంది. పుష్పాదేవి వచ్చేదాకా.

పుష్పాదేవి సాయంత్రం పూట ల్యాబు గుమ్మంలో నిలబడింది, ఏడ్చిన మొహంతో. "మేడమ్, మా అమ్మాయి సంబంధం ఆగిపోయిందండీ. మీ పరీక్షకు వెళ్లానని వాళ్లకెవరో చెప్పారట. తల్లి ఇతరులా ఏమిటి, తల్లికి తుప్పుంటే పిల్లకు రాదా అని అబ్బాయి తల్లి కబురు పెట్టింది. నేను ఇతరులు కాదని మీరో కాగితం రాసివ్వండి."

"ఇతరులని ఎవరూ లేరు పుష్పాదేవిగారూ."

"పేపర్లో పడింది కదండీ. మీ పేరే ఉంది కదా కింద."

ఉంది. పరిశోధకురాలు డాక్టర్ హేమనళిని అని, ఫొటోతో సహా. ఆ పిల్ల కొట్లో గిన్నెలు తూచి ఇవ్వడం హేమనళిని చాలాసార్లు చూసింది. తన సిగ్గు తన ఇంట్లో ఫ్యాన్ల మీద పోయినంతసేపు నవ్వుకోవచ్చు. ఇప్పుడది ఇంకొకరి పిల్ల మీదకు పోయింది. ఆమెకు నవ్వు రాలేదు.

మరుసటి రోజే సమీక్షా సమావేశం. కార్యదర్శిగారు కూడా వచ్చారు. అండమాన్ ఓడ విషయం చర్చకు వచ్చినప్పుడు హేమనళిని లేచి నిలబడింది. సరిగ్గా అప్పుడే అరికాళ్ల నుంచి ఆవిరి మొదలైంది. మెడ మీదుగా చెంపలకు పాకింది, నుదుటి మీద చెమట బొట్లు బొట్లుగా పట్టింది. ఎప్పట్లా రుమాలు చాటు చేసుకోబోయి, ఆగి, రుమాలు బల్ల మీద పెట్టేసింది.

"ఓడ అక్కర్లేదండీ. ఆ ఇతరులు నేనే. ఆరోజు నమూనా లేక నా రక్తమే పెట్టాను. నాకు నెలసరి ఆగిపోయి ఏడాది దాటింది. ఇదిగో, ఈ చెమట అదే. కొత్త జాతీ లేదు, ఏమీ లేదు. మన ఊళ్లో ఆడవాళ్లందరికీ ఒకటే తుప్పు."

సన్యాసిరాజుగారి కలం ఆగింది. కార్యదర్శిగారు పైకప్పు చూశారు. నెలసరి అన్న మాట సంస్థ మొదలైనప్పటినుంచీ ఆ గదిలో కాగితాల మీద ఎన్నోసార్లు దొర్లింది, ఒక మనిషికి చెందినదిగా వినబడడం ఇదే మొదలు. పరాంకుశంగారు ముందుకు వంగి, గొంతు తగ్గించి, నిజమైన సానుభూతితో అడిగారు.

"మీరు ఎప్పటినుంచి ఇతరులు డాక్టరుగారూ?"

"నేను తెలుగుదాన్నేనండీ!"

"తెలుగు కోటా నిండిపోయింది కదా" అన్నారు సన్యాసిరాజుగారు, బాధగా.

సమావేశం ముగిసేసరికి తీర్మానాలు సిద్ధమయ్యాయి. ఒక జాతివారు తమ జాతి మీదే పరిశోధన చేయడం నిష్పాక్షికత కాదు కనుక హేమనళినిని ప్రాజెక్టు నుంచి తప్పించడమైనది. ఆ జాతికి లభ్యమైన ఏకైక ప్రతినిధి కనుక ప్రతి నెలా రక్తం ఇవ్వవలెను. నమూనాను నియంత్రిత ఉష్ణోగ్రతలో భద్రపరచాలన్న నిబంధన ఉన్నది, ప్రస్తుతం నమూనా ఆమె శరీరంలోనే ఉన్నది కనుక ఆమెకు ప్రత్యేకంగా ఒక ఏసీ గది కేటాయించడమైనది.

పోయిన ప్రాజెక్టు గురించి ఏడవాలో ఏసీ గురించి నవ్వాలో తెలియక ఆమె సరాసరి కురుపాం మార్కెట్టుకు వెళ్లింది. పుష్పాదేవిని వెంటపెట్టుకుని అబ్బాయివాళ్ల ఇంటికి పోయి, "పేపర్లో పడ్డ ఆ మనిషిని నేనే, చూసుకోండి" అని నిలబడింది. అబ్బాయి తల్లి ఎగాదిగా చూసింది. "ఉన్నట్టుండి ఒళ్లంతా మండిపోతుందా? అంతలోనే చల్లబడిపోతుందా?" అంది. అవునంది హేమనళిని. ఆవిడ వెనక్కి తిరిగి కోడళ్లు వినడం లేదు కదా అని చూసుకుని, "అయితే నేను కూడా అదేనా ఏటి?" అంది. పెళ్లికి మళ్లీ తాంబూలాలు పుచ్చుకున్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర భర్తకూ చెప్పింది. జగన్నాథరావు ముద్ద చేతిలో పట్టుకుని కాసేపు ఆలోచించాడు. "అంటే, పాత ఫ్యాను బాగానే ఉందన్నమాట" అన్నాడు. తర్వాత, "నాతో చెప్పకూడదటే?" అన్నాడు, ఇంకో రకం గొంతుతో. ఆమె మజ్జిగ పోసింది. పడుకునేముందు ఆయన కిటికీలన్నీ తానే తెరిచాడు.

ఏసీ గదిలో నమూనాగా కూర్చోవడం హేమనళినికి మొదట అవమానంగా ఉండేది. రెండో వారానికి అలవాటైంది, మూడో వారానికి ఇష్టమైంది. పోలమ్మ చేపలమ్ముకుని వెళ్తూ తలుపు తోసింది. "ఏటమ్మా, ఆళ్లు నిన్నే సీసాలో పెట్టీసినారు!" అని పగలబడి నవ్వి, నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. తర్వాత పుష్పాదేవి, ఆమె వియ్యపురాలు, వరండాలో కొంగులు విసురుకున్న బెంగాలీలు, ఒరియావాళ్లు వచ్చారు. నిద్ర పట్టని సంగతీ, కీళ్ల సంగతీ, ఊరికే ఏడుపొచ్చే సంగతీ మాట్లాడుకునేవాళ్లు. మొదటిసారిగా హేమనళిని మైకు లేకుండా తన సంగతి కూడా చెప్పింది.

డైరెక్టర్‌గారికి క్యారేజీ తెచ్చే అలివేలుగారు, ఆయన భార్య, ఒకరోజు తప్పుడు తలుపు తెరిచి ఆ గదిలోకి వచ్చారు. చల్లగాలి మొహానికి తగలగానే కళ్లు మూసుకుని అలాగే నిలబడిపోయారు. ఆ రోజునుంచి క్యారేజీ ఇచ్చాక ఆవిడ ఇంటికి వెళ్లడం మానేసి ఇటే వచ్చేవారు.

మూడు నెలల్లో హేమనళిని గీత సగానికి పడిపోయింది. ఐదో నెలకు మిగతా నాలుగు గీతల పక్కన బుద్ధిగా నిలబడింది. ఆమెకు ఎంత సంతోషమైందో సంస్థలో అంత కలవరం రేగింది.

"జాతి అంతరించిపోతున్నది!" అని పరాంకుశంగారు అత్యవసర సమావేశం పిలిచారు. "విశిష్ట లక్షణం క్షీణించుటకు కారణం ఏసీ అని నిర్ధారించడమైనది. జాతి పరిరక్షణ దృష్ట్యా సదరు ఏసీని తక్షణం తొలగించవలెను." ఇలాంటి పనులు ఆయన స్వయంగా దగ్గరుండి చూసుకుంటారు. మధ్యాహ్నం భోజనం కాగానే నిచ్చెనతో ఏసీ మెకానిక్కును వెంటబెట్టుకుని వచ్చారు.

తలుపు తెరిచేసరికి గది నిండా ఆడవాళ్లు. హేమనళిని కుర్చీలో, పోలమ్మ కింద. ఏసీకి సరిగ్గా ఎదురుగా చాప మీద వాలి కూర్చున్న మనిషిని చూసి ఆయన ఆగిపోయారు.

"నువ్వేమిటి ఇక్కడ?"

అలివేలుగారు లేవలేదు. "రోజూ ఇక్కడే ఉంటున్నాను కదండీ."

"ఇంట్లో... నీకు కూడానా? ఎప్పటినుంచి?"

"మనవడి అన్నప్రాశనానికి ముందునుంచి. మీరు ఆఫీసులో కమిటీలతో తీరిక లేకుండా ఉన్నారు. ఇంట్లో కిటికీలు తీస్తే మీకు జలుబు."

మెకానిక్కు అప్పటికే నిచ్చెన ఎక్కి స్క్రూడ్రైవరు తీశాడు. "సార్, విప్పీమంటారా?"

పరాంకుశంగారు ఏసీ వైపు చూశారు. భార్య వైపు చూశారు. ఆవిడ నుదుటి మీద జుట్టు చెమ్మ ఆరి గాలికి కదులుతోంది. పెళ్లైన ఇన్నేళ్లలో ఆవిడ నుదురు అంత సేపు చూడడం అదే మొదలేమో. చివరికి తనకు తెలిసిన భాషలోనే చెప్పారు.

"ఈ విషయం ఇంకా పరిశీలనలో ఉన్నది" అన్నారు మెకానిక్కుతో. "దీనిమీద ఉపసంఘం వేయాలి. ఉపసంఘం నివేదిక వచ్చేదాకా యథాతథ స్థితి కొనసాగించవలెను."

మెకానిక్కు దిగాడు. ఆ సంస్థలో ఏ ఉపసంఘమూ ఇంతవరకు నివేదిక ఇచ్చి ఎరుగదని హేమనళినికి తెలుసు, ఆయనకు ఇంకా బాగా తెలుసు. ఆయన ఇంకేదో అనాలన్నట్టు గుమ్మంలోనే నిలబడ్డారు.

"తలుపేసి వెళ్లండి" అన్నారు అలివేలుగారు. "చల్లదనం పోతోంది."

డైరెక్టర్‌గారు తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశారు.